ఇద్దరు నారమ్మల ఖాతా

"కంప్యూటర్ల నువ్వు చనిపోయినట్టు చూపిస్తున్నదమ్మా," అని కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి గొంతు తగ్గించి చెప్పినప్పుడు సుమిత్రకు ముందు నవ్వొచ్చింది, పొద్దున్నే లేచి కొడుక్కి జొన్నరొట్టెలు చేసిపెట్టి, చిరాగ్‌పల్లిలో ఆటో ఎక్కి, జహీరాబాద్ దాకా సంచి ఒళ్లో పెట్టుకుని వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చనిపోయావంటే నవ్వక ఏం చేస్తుంది, మొన్ననే రేషన్ షాపులో వేలిముద్ర పడింది, చనిపోయినోళ్లకు ఎక్కడన్నా బియ్యం పోస్తారా. కానీ ఆ అమ్మాయి నవ్వలేదు. "నీ ఆధార్ నంబరు మీద ముందే ఒక ఖాతా ఉండె. నారమ్మ, చిరాగ్‌పల్లి. ఆమె చనిపోయిందని మూసేసిన్రు. గా నంబరు మీద కొత్త ఖాతా సిస్టం తీసుకోదు," అంది, అని దరఖాస్తు ఆమె వైపే తోసింది. సుమిత్రకు నవ్వు ఆగిపోయింది. "గది మా అత్త ఖాతా బిడ్డా, ఆమెకు నెలనెల నేనే వేలిముద్ర ఏసేదాన్ని," అంది తొందరలో. ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. "గా మాట సారు ముందర అనకు. ఆ ఖాతాకు నేనెన్నడు వేలిముద్ర ఏయలేదని రాసియ్యి, సారు సరిచేస్తడు. ఏసిన అంటే పెద్ద లొల్లి అయితది. సారు అన్నానికి పోయిండు, వచ్చేదాంక జర కూసో," అంది.

కూర్చుంది. గోడ వారగా వేసిన ఇనుప బెంచీ మీద, ఫ్యాను గాలి అందీ అందని చోట, ఒళ్లో సంచి, సంచి మీద తిరిగొచ్చిన దరఖాస్తు. బయట హైవే మీద చెరకు లారీలు బొంబాయి వైపు పోయేవి పోతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి, ఒక్కొక్కటి పోయినప్పుడు అద్దాల తలుపు సన్నగా వణుకుతోంది. సాయంత్రం లోపల ఖాతా నంబరు కావాలి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపే నసీరుద్దీన్ భాయి మంచివాడే, ఆమె చేతి పప్పు తిని మెచ్చుకుని మరీ పని ఇచ్చాడు, కానీ "అమ్మా, జీతం చేతికిచ్చే రోజులు పోయినయ్. నీ పేరు మీద ఖాతా నంబరు ఇయ్యి. పొద్దుగూకే లోపల ఇయ్యకుంటే నీ జాగల వేరే ఆమెను తీసుకోవాలె, నా చేతుల ఏం లేదు," అని చెప్పేశాడు. ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు శివకుమార్ నా ఖాతా ఉంది కదా అవ్వా, దాంట్ల ఏపిస్తా, నీకెందుకు ఫికర్ అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, అడిగితే లేదనడు. ఆ అడగడమే ఆమెకు వద్దు. భర్త పోయాక ఈ రెండేళ్లలో చెప్పులు తెగితే కూడా వాడు బట్టలు మార్చుకుని, తిని, నిమ్మళంగా కూర్చున్నప్పుడు చూసి అడగడం నేర్చుకుంది. అత్త అనేది, కొడుకును అడుగుడు బాగనే ఉంటదే, కానీ అడగకుంట ఉండుడు ఇంక బాగుంటది అని. పింఛను పైసలు చేతిలోకి వచ్చిన మొదటి నెల అన్న మాట అది, అంటూ కొంగు చివర ముడి వేసుకుని ఆ ముడిని రోజంతా తడుముకుంది. సుమిత్రకు ఆ ముడి కావాలి, అంతకు మించి ఏమీ వద్దు.

దరఖాస్తు మీద పైన పేరు నారమ్మ అని ఉంది, ఆ పేరు చూస్తుంటే న్యాల్‌కల్ దగ్గర వాళ్ల ఊరి నల్లరేగడి, అప్ప అని పిలిచే తండ్రి తలపాగా, అల్లం చేలో తడి మన్ను వాసన, అన్నీ ఒక్కసారే ముక్కుకు తగిలాయి. పుట్టినప్పుడు పెట్టిన పేరు నారమ్మ, అప్ప తల్లి పేరు, ఆ ముసలామె చనిపోయిన ఏడాదికే పుట్టిందని మా అవ్వ మళ్లీ వచ్చిందని అప్ప ఊరంతా చెప్పుకున్నాడట, కన్నకూతుర్ని అవ్వా అని పిలిచేవాడు, కోపం వచ్చినా గట్టిగా అనలేకపోయేవాడు, తల్లిని ఎట్లా తిడతాడు. పెళ్లి కుదిరాక తెలిసింది, పిల్లవాడి తల్లి పేరూ నారమ్మే అని. కన్నడం మాట్లాడే ఆ ఇళ్లలో అత్తాకోడళ్లకు ఒకటే పేరుంటే కుదరదు, మొగుడు పెళ్లాన్ని పిలిస్తే తల్లిని పేరు పెట్టి పిలిచినట్టవుతుంది, అందుకే పెళ్లిపీటల మీద ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు చేత ఉంగరంతో కొత్త పేరు రాయిస్తారు. చెన్నబసప్ప వంగి, అక్షరాలు రాక ఎవరో వేలు పట్టి దిద్దిస్తే రాశాడు, సుమిత్ర అని, చెయ్యి తగిలి బియ్యం చెదిరితే ఎవరో ఆడమనిషి సర్ది మళ్లీ రాయించింది. అప్ప పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వాడు, నవ్వుతూనే తువాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఆయనకు ఆ రోజు తల్లి రెండోసారి పోయినట్టయింది. ఆ బియ్యం తర్వాత ఏం చేశారో, వండే ఉంటారు, అంతమంది చుట్టాలకు అన్నం ఎక్కడి నుంచి వస్తుంది.

కొత్తలో సుమిత్రా అని పిలిస్తే పలికేది కాదు. కావాలని కాదు, ఆ పేరు తనదని గుర్తుండేది కాదు. నారమ్మా అని పక్కింటివాళ్లు అత్తను పిలిస్తే మాత్రం పొయ్యి దగ్గర నుంచి ఓయ్ అని లేచేది. పాపం కోడలికి చెవుడంట అని వాడలో మాట పుట్టింది, ఒక ముసలమ్మ వచ్చి చెవిలో ఉల్లిరసం పిండమని సలహా కూడా ఇచ్చిపోయింది. చెన్నబసప్ప అసలు ఏ పేరూ పిలవకుండానే కాలం గడిపాడు, ఏయ్, ఇగో, విన్నవా, ఈ మూడింటితోనే కాపురం చేశాడు, చెరకు ట్రాక్టరు తోలుకొచ్చి వాకిట్లో హారన్ కొడితే అదే ఆమెకు పిలుపు. మంచి మనిషి, మతిమరుపు మనిషి. ఇప్పుడుంటే ఇక్కడ పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ సారు వస్తడు లే అనేవాడు, ఆమె నాలుగు తిట్టేది, తిట్టించుకోవడం ఆయనకు బాగా వచ్చు. ఆయన లేక బెంచీ మీద పక్క జాగా ఖాళీగా ఉంది, ఎవరో ఒకాయన వచ్చి కూర్చుంటే సంచి ఇటు జరుపుకుంది.

ఆధార్ రాసేవాళ్లు ఊరి బడికి వచ్చినప్పుడు కూడా ఇట్లాంటి బెంచీయే. వరసలో ముందు తను, వెనక అత్త. కంప్యూటరు పెట్టుకున్న మనిషి తల ఎత్తకుండా పేరు అన్నాడు. అంతే, పేరు, ఇంకేం అనలేదు. ఫలానా వాళ్ల కోడలివా అనలేదు, చెన్నబసప్ప భార్యవా అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో పరాయి మనిషెవరూ ఆమెను నేరుగా నీ పేరేంది అని అడిగింది లేదు, ఆ అడగడంతో ఆలోచించకుండానే నారమ్మ అనేసింది. అనేసి నాలుక కరుచుకుంది. రేషన్ కార్డులో సుమిత్ర అని ఉంది, వెనక్కి తిరిగి అత్త ముఖం చూడాలంటే భయమేసింది. అత్త వంతు వచ్చినప్పుడు అదే మనిషి పేరు అంటే, నారమ్మ అంది అత్త, నా పేరు గూడ గదే, రాసుకో, అంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు. రెండు కార్డులు వచ్చాయి, రెంటి మీదా నారమ్మ, రెంటి మీదా చెన్నబసప్ప ఇంటి నంబరు, రెంటి మీదా ఫొటోలో ముఖం బొగ్గులా నల్లగా, ఏది ఎవరిదో వాళ్లకే తెలియలేదు, రెండూ ఒకే బిస్కెట్ల డబ్బాలో పడి ఉండేవి.

ఒకే డబ్బాలో. సుమిత్ర బెంచీ మీద కొంచెం ముందుకు జరిగింది. పింఛను వాళ్లకు ఖాతాలు తీస్తామని ఊళ్లో బ్యాంకు వాళ్లు షామియానా వేసిన రోజు, అత్తకు జ్వరం, తను పొలంలో ఉంది, చెన్నబసప్పే డబ్బాలో చెయ్యి పెట్టి చేతికొచ్చిన కార్డు తీసుకుని, అత్త ఫొటో ఒకటి జేబులో వేసుకుని పోయాడు. చదువురాని మనిషి, అమ్మ పేరు ఉందా అని ఎవరినో అడిగి ఉంటాడు, ఉంది అని ఉంటారు. ఆ జనంలో కార్డు మీది ముఖం ఎవరు చూశారు. తీసింది సుమిత్ర కార్డు. అత్త ఫొటో అంటించి, కోడలి నంబరు రాసి, పాసుపుస్తకం తెచ్చి దేవుడి ముందు పెట్టి, అమ్మా నీకు బ్యాంకుల ఖాతా వచ్చిందే అని కేక పెట్టాడు, అత్త జ్వరంతోనే లేచి కూర్చుంది. అది నీ తప్పు కాదు లే అని మనసులోనే మొగుడితో అంది సుమిత్ర, మళ్లీ వెంటనే, నీదే, కాకుంటే ఎవరిది, కార్డు మీద నా ముక్కు కూడ నీకు ఆనలేదా అంది.

అయితే తమన్నా దుకాణంలో జరిగింది కూడా ఇదేనా. ఇక్కడి బస్టాండు పక్కన జిరాక్సు దుకాణంలో తమన్నా అనే ఆమె బ్యాంకు తరఫున వేలిముద్ర మిషన్ పెట్టుకుని పింఛన్లు ఇచ్చేది, అత్త వేలు పెడితే మిషన్ ఎర్రగా మెరిసి కుయ్యిమనేది, మళ్లీ పెడితే మళ్లీ కుయ్యి. "అల్లం కడిగి కడిగి గీతలు అరిగిపోయినయ్ అమ్మీజాన్, తేలే వేలు ఏదన్న ఉందా," అని తమన్నా పది వేళ్లూ పెట్టించింది. అరిగే ఉంటాయి, బతుకంతా అల్లం మన్ను వదలగొట్టిన వేళ్లు, గోళ్ల కింద ఆ మంట పండగనాడు కూడా పోయేది కాదు. వెనక వరస గొణుగుతోంది. అత్తకు చిన్నతనం అనిపించి, పక్కనున్న కోడలి చెయ్యి పట్టుకుని, నువ్వు పెట్టి చూడవే, నీది కూడ నారమ్మనే కదా అంది. అందరూ నవ్వారు. తమన్నా కూడా నవ్వుతూనే మిషన్ ముందుకు జరిపింది. సుమిత్ర బొటనవేలు ఆనిందో లేదో, పచ్చగా మెరిసింది. అత్త ముఖం చూడాలి అప్పుడు. మిషిన్‌కు ఎరికైంది చూడే, మనిద్దరం ఒక్కటేనని, అంది, అని ఆ మాట ఇంటికెళ్లేదాకా ఆటోవాడికి, సోడా బండివాడికి, ఎదురైన ప్రతివాడికీ చెప్పింది. పేర్లు కలిస్తే వేళ్లు కలుస్తాయని ఇద్దరూ నిజంగా నమ్మారు, తమన్నా ఏం నమ్మిందో తెలియదు, వరస కదిలిందని సంతోషపడి ఉంటుంది. ఇప్పుడు తెలుస్తోంది, మిషన్‌కు ఏమీ తెలియలేదు, అది సుమిత్ర నంబరు, సుమిత్ర వేలు, అంతే సంగతి. ఇన్నేళ్లు దాచుకున్న ముచ్చట చేతిలోంచి జారిపోయినట్టయి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చే జాగా కాదు, దరఖాస్తుతో విసురుకుంది.

కానీ ఇద్దరూ నెలనెలా ఈ ఊరికి వచ్చింది మాత్రం నిజం. ఆ రోజు అత్త పొద్దున్నే తలకు నూనె రాసుకునేది, ఉన్న వాటిలో మంచి చీర కట్టేది, ఇద్దరూ హైవే మీద నిలబడి ఆటో ఆపేవారు, వేలు కోడలిది, పైసలు పట్టుకునే చెయ్యి అత్తది. పైసలు కొంగున కట్టాక బస్టాండు ఎదుట బండి దగ్గర మిర్చి బజ్జీలు, అత్తకు పళ్లు లేక పైన పిండి తిని లోపలి మిర్చి కోడలి పొట్లంలో వేసేది. ఒక నెల గాజులు కొనిచ్చింది, ఒక నెల ఊరికే బజారంతా తిప్పి ఏమీ కొనకుండా తీసుకొచ్చింది, అదే ఎక్కువ బాగుంది. ఇంట్లో సుమిత్రే, వాకిట్లో సుమిత్రే, ఆటో ఎక్కాక మాత్రం నారీ అని పిలిచేది. మొదటిసారి అట్లా పిలిచిన రోజు ఆటోలో ఇంకెవరూ లేరు, చెరకు పాలు కాగే వాసన గాలిలో వస్తోంది. "నీకు ఒక మాట చెప్పాలె నారీ," అంది అత్త, ముందుకే చూస్తూ. "నారమ్మ నా పేరు కాదే. నాది గంగ. నా లగ్గంల నాకు గూడ పళ్లెంల రాసి పెట్టిన్రు. నాది కాని పేరు కోసం నీ పేరు తీసేసిన్రు. నేను అప్పుడే చెప్పి ఉంటే అయిపోతుండె. కొత్త అత్తను, నాకు నోరు రాలే." పోనియ్ అత్తా, అంది సుమిత్ర. అత్త కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. గంగా అని ఒక్కసారన్నా పిలవాల్సింది, అత్తను పేరు పెట్టి పిలిస్తే బాగుండదనిపించి ఊరుకుంది. ఎంత పిచ్చి, ఎవరు విన్నారు కనుక, ఆటోవాడు తప్ప. పిలిచి ఉంటే ఆమె ముఖం ఎట్లా ఉండేదో.

చివర్లో దవాఖానలో ఉన్నప్పుడు కూడా, నా ఖాతాల పైసలు ఉన్నయ్, నా కర్మకు అవి తియ్యిన్రి, కొడుకు మీద పడొద్దు అనేది. నా ఖాతా అనేటప్పుడు గొంతు గట్టిపడేది. పోయాక చెన్నబసప్ప చావు కాగితం తీసుకుని ఒక్కడే ఈ బ్యాంకుకు వచ్చాడు, ఖాతా మూయించాడు, ఆ రోజే ఇక్కడెవరో కంప్యూటర్లో సుమిత్రను కూడా అత్తతో పంపించేశారన్నమాట. ఆ సాయంత్రం తను వాకిలి ఊడ్చి, బర్రెకు నీళ్లు పెట్టి, ఏమీ తెలియకుండా బతికే ఉంది. ఇప్పుడు ఏం చెప్పాలి, ఎన్నడూ వేలిముద్ర వేయలేదని ఒక్క ముక్క రాసిస్తే చాలు, పని దక్కుతుంది, పొద్దుగూకే లోపల నసీరుద్దీన్ భాయికి నంబరు ఇవ్వొచ్చు. వేశానంటే కేసంటారేమో, శివకుమార్ ఫ్యాక్టరీలో తల ఎత్తుకోలేడేమో. రాసిస్తే ఏం పోతుంది, పోయినావిడకు తెలుస్తుందా. రాయడానికి పెన్ను కూడా తీసింది.

మేనేజరు ఫణీంద్ర వచ్చాడు, కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన కుర్రాడు, చెయ్యి తుడుచుకుంటూనే లోపలికి రమ్మన్నాడు. "కూర్చోండమ్మా," అని కూర్చోబెట్టి, కౌంటరు అమ్మాయి చెప్పిందంతా, సుమిత్ర చెప్పిన క్యాంటీన్ పని సంగతీ విన్నాడు, కంప్యూటర్లో ఏవేవో నొక్కి, తెరను ఆమె వైపు తిప్పాడు. తెర మీద అత్త. తలకు నూనె రాసుకుని, బొట్టు లేని నుదురుతో, ఎవరో కోప్పడితే బెదిరినట్టు సూటిగా చూస్తోంది. ఇంట్లో అత్త ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదు, చెన్నబసప్ప దగ్గరున్నది ఏ కాగితాల్లో పోయిందో పోయింది. సుమిత్ర చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయింది.

"ఈవిడ ఎవరండీ?"

"మా అత్త, సార్."

"నంబరేమో మీది. మీరు ఎప్పుడైనా ఈ ఖాతాకి వేలిముద్ర వేశారా?"

తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది, అను, లేదను అని. సుమిత్ర అటు చూసి, మళ్లీ తెర వైపు చూసింది.

"నెలనెల నేనే ఏసిన సార్. ఆమె నా పక్కన్నే కూసునేది, పైసలు ఆమె చేతికే ఇచ్చేటోళ్లు. కేసైతే కానియ్యిన్రి. ఏయలేదంటే మేమిద్దరం గీ ఊరికి వచ్చిందే అబద్ధమైతది."

ఫణీంద్ర మళ్లీ ఏదో తెరిచి చూశాడు, కిందికి మీదికి జరిపాడు. "కేసు ఏమీ కాదు లెండి," అన్నాడు చివరికి. "మీరు నిజం చెప్పారు కాబట్టి తేలిపోయింది. కార్డు మీది, నంబరు మీది, తీసిన ప్రతిసారీ వేలిముద్ర మీది. ఇది మీ అత్తగారి ఖాతా కాదండీ, మొదటి నుంచీ మీదే. అందుకే కొత్తది ఇవ్వనంటోంది సిస్టం. ఆవిడ పోతే పొరపాటున మీది మూసేశాం. ఇదే మళ్లీ తెరిపిస్తాను. నంబరు పాతదే, ఇప్పుడే రాసిస్తాను, మీ కాంట్రాక్టరుకి ఇచ్చేయండి."

నంబరు దొరికింది. పని దొరికింది. సంతోషపడాలి కదా, పడింది కూడా, గుండె ఒక్కసారి తేలికైంది, తేలికైన చోటే చురుక్కుమంది. "అంటే, మా అత్తకు ఖాతా లేనే లేదా సార్?" అంది.

"లేదమ్మా. ఆవిడదంటూ ఇందులో ఏమీ లేదు."

ఖాతా ఆమెది కాదు. నారమ్మ అన్న పేరూ ఆమెది కాదు, ఆ సంగతి ఈ భూమ్మీద ఇప్పుడు సుమిత్ర ఒక్కదానికే తెలుసు. గంగ ఆ తెర మీద నుంచి చూస్తూనే ఉంది.

"మీ ఫొటో ఒకటి ఇవ్వండి," అన్నాడు ఫణీంద్ర, నంబరు రాసిన చీటీ చేతికిస్తూ. "ఈ పాతది తీసేసి మీది పెట్టేస్తాం."

"ఫొటో లేదు సార్," అంది సుమిత్ర. "వచ్చే వారం తెస్త."

"వారమైనా పర్లేదు లెండి, మర్చిపోకండి."

మరిచిపోను సార్ అని లేచింది. నిన్న స్టూడియోలో తీయించుకున్న ఫొటోలు కవరుతో సహా ఆమె సంచిలోనే ఉన్నాయి.